ఇంజనుకు తాపిన నీళ్లు

ఇది జరిగింది. ముందే చెప్తున్నాను. దేవుడి మీద ప్రమాణం చెయ్యమని మాత్రం అడక్కండి, ఆయనకూ నాకూ కాలేజీ రోజుల నుంచే పడదు. కావాలంటే మా ఆయన ఎడమ కాలి మీద ఒట్టు వేస్తాను. మోకాలి కింద వంకర తిరిగిన ఆ కాలు మా వసారాలో మంచం మీదే ఉంది, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. చూశాక కూడా "భ్రమపడ్డావు సరోజా" అనేవాళ్లుంటే... ఇక్కడితో చదవడం ఆపి పోయి పడుకోండి.

నేను బి.ఏ. చదివినదాన్ని. దయ్యాలంటే నవ్వేదాన్ని. ఇప్పటికీ నవ్వుతాను. పగటిపూట.

మా ఊరు నల్లమాడ దగ్గర. అంతా మెట్ట. ఆ ఏడు వాన లేదు, దాని ముందటేడూ లేదు. ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు. కాళ్లూ చేతులూ ఆడేవాళ్లంతా తుంగభద్ర కాలవల కింద కూలికి పోయారు. మిగిలింది ముసలివాళ్లూ, మాలాగా చీనీ చెట్లను, అదే బత్తాయి చెట్లను, వదిలి పోలేని మొండివాళ్లూ.

మా తోటలో పెద్ద బావి ఉంది. ఒక ఇల్లు లోపలికి దించితే పట్టేంత బావి. సగం లోతులో రాయి తొలిచిన అరుగు, అరుగు మీద చిన్న రాతి గది, గదిలో ఆయిల్ ఇంజనూ పంపూ. మా మామ బతికుండగా కొన్నది. బావి ఎండిపోయాక ఇంజను మీద గోనెసంచులు కప్పారు. శనక్కాయలు ఒలిచే మిషను, తుప్పు పట్టిన పైపులు, విరిగిన ఇనప గొర్రు... పనిలేని ఇనుమంతా తెచ్చి ఆ గదిలోనే కుక్కి గడియ పెట్టేశారు.

అందులో ఎలుకలు కాపురం పెట్టాయి. పెట్టక ఏం చేస్తాయి, మా అత్త మేపుతుంటే!

ఆయుధపూజకు మిషన్లకు బొట్టు పెట్టడం ఊరందరూ చేసేదే. మా అత్త అంతటితో ఆగలేదు. ఇంజను నిలిచిపోయిన నాటి నుంచి ప్రతి శుక్రవారం మెట్లు దిగి వెళ్లి, దాని మీద గుప్పెడు బొరుగులూ బెల్లం ముక్కా పెట్టి వచ్చేది.

"అత్తా, నువ్వు ఇంజనుకు పెడతాండావనుకుంటాండావు. ఎలకల్ని మేపుతాండావు," అన్నాను ఒకసారి.

"పనిల్యాకుంటే ఆకలుండదా?" అంది. "నీ మొగుడు రెండేండ్లుగా పనిల్యాకుండా తిరుగుతాండాడు. వానికి సంగటి పెట్టడంల్యా?"

"పాషాణం తెచ్చి పెడతా సూడు."

"పెట్టు. ఆడ ఈనడానికొచ్చిన ఎలక ఉండాది. కడుపుతో ఉండేదానికి ఇసం పెట్టేదానికేనా మీ నాయన నిన్ను బీయే సదివించింది?"

ఆ ఇంట్లో నా నోరు మూయించగలిగిన మనిషి ఆమె ఒక్కతే. పాషాణం పెట్టలేదు.

చీనీ చెట్ల కొమ్మలు ఒక్కొక్కటే ఎండుతున్నాయి. బావి ఇంకా లోతు తీస్తే జల పడుతుందని మా ఆయన పంతం. అడుగున అంతా బండ. బండలో మందు కూరి తూటాలు పేల్చడానికి మస్తాను వచ్చేవాడు. ఊళ్లో తూటా పేల్చేదీ, ఇంజను చూసేదీ, పీర్ల పండగకు ముందు నిలబడేదీ అతనే.

ఆ సాయంత్రం తూటా పేలింది. పొగ ఇంకా పోలేదు. "ఆగన్నా, రాయి కుదురుకోనీ" అని మస్తాను అంటూనే ఉన్నాడు. ఆయన వింటే కదా! దిగిపోయాడు. నేను తోటలో ఉన్నాను. బావిలోంచి కేక వినపడింది.

"నీళ్లు! సరోజా... నీళ్లు!"

వెంటనే ఇంకో కేక. అది నీళ్లను చూసి వేసిన కేక కాదు.

నేను వెళ్లేసరికి ఆయన బావి అడుగున కూర్చుని ఉన్నాడు. పక్కనుంచి జారిన రాతిగుండు ఎడమ కాలి మీద పడి, కాలును బండకు అదిమేసింది. లేవలేడు, జరగలేడు. పక్కనే బండలో పగులు. పగుల్లోంచి నీళ్లు... చల్లగా, తేటగా, ఆగకుండా. రెండేళ్లు వాటి కోసం ఏడ్చాం. వచ్చాయి. ఆయన కాలు కదలని రోజే వచ్చాయి.

మస్తానూ, ఇద్దరు ముసలివాళ్లూ గడ్డపారలతో గుండును లేపబోయారు. అప్పటికే దాని అడుగు నీళ్లలో మునిగిపోయింది. బురదలో గడ్డపార నిలవడం లేదు, జారి ఆయన కాలికే తగిలేలా ఉంది. కడవలతో తోడాం. నేను ముంచి అందిస్తే అరుగు మీద అత్త తీసుకునేది, పైనున్నవాళ్లు పారబోసేవాళ్లు. మేము ఒక కడవ తోడితే పగులు రెండు కడవలు పోసేది. పొద్దు గుంకింది. నీళ్లు ఆయన బొడ్డు దాటాయి.

"వదినా, ఇట్ల కాదు," అన్నాడు మస్తాను. "ఇంజను పెట్టాల్సిందే."

గది గడియ తీశాడు. వాసన... ఎలుకల ఉచ్చ, పాత నూనె, పులిసిన బెల్లం. లోపల చీకట్లో గర... గర... గర... అని పళ్ల చప్పుడు. లాంతరు ఎత్తితే ఆగాలి కదా? ఆగలేదు. మమ్మల్ని లెక్కచెయ్యనట్టు సాగింది.

గోనెసంచులు దూదిలా చీలికలైపోయి ఉన్నాయి. ఆ పీచులో శనక్కాయ పొట్టు, కుంకుమ అంటిన బొరుగులు, పోయిందని నేను చాకలిదాన్ని తిట్టిన నా నీలం రవికె గుడ్డ. బెల్టు అంచు పొడవునా కొరికేశాయి. నూనె గొట్టాన్ని కూడా వదల్లేదు. మస్తాను నా చీర చెంగు చింపి గొట్టానికి చుట్టాడు. బెల్టును పురికొసతో కుట్టాడు. అతని నోరు మాత్రం "అయిపోయె, అయిపోయె వదినా" అంటూనే ఉంది.

ఇంజను నడిచినంత మాత్రాన పంపు నీళ్లు లాగదు. రెండేళ్లు ఎండిన పంపు. ముందు దానికి పైనుంచి నీళ్లు పోసి నింపాలి. తాపడం అంటారు మా వైపు. దానికి తాపితేనే అది మనకు పోస్తుంది. అత్త కొత్త జల కడవెడు తెచ్చి పంపులో పోసింది. పోస్తూ ఆగింది.

"రెండేండ్లు తిండి పెట్టినానే గాని," అంది నెమ్మదిగా, "ఒక్కనాడన్నా నీళ్లు పెట్టాలని తోసకపాయనే నాకి."

"అత్తా! పొయ్యి బిన్న!" అని తొందరపెట్టాను.

ఎండిన తోలు వాషరు పక్కనుంచి నీళ్లు కారి నేల మీద పారాయి.

అప్పుడు వచ్చాయి.

మిషను కిందినుంచి, పైపుల్లోంచి, గోనె పీచులోంచి. ఎలుకలు. పారిపోలేదు. మా కాళ్ల మధ్యకు వచ్చి, వరసగా నిలబడినట్టు నిలబడి, ఆ కారిన నీళ్లను నాకాయి. చప్... చప్... చప్. మస్తాను ఒక కాలు ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. ఎవరమూ తన్నలేదు. తడి ఆరిపోయాక తలెత్తి మమ్మల్ని చూసి... మళ్లీ ఇనుములోకి పోయాయి.

మస్తాను హ్యాండిల్ తిప్పాడు. ఇంజను దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ఒక్క ఊపున పట్టుకుంది... వెంటనే బెల్టు పటుక్కున తెగి రెండు ముక్కలై నేల మీద పడింది. చుట్టిన గుడ్డలోంచి క్రూడాయిల్ ధారగా కారిపోతోంది.

"పక్క ఊర్లో బెల్టు ఉండాది. మనుషుల్ని గూడ పిల్సుకొస్తా," అన్నాడు. ట్యాంకులో మిగిలిన క్రూడాయిల్‌ను డబ్బాలోకి వంపేసి, డబ్బాను బయట అత్త పక్కన పెట్టాడు. కారిన నూనెకు ఏ దీపమో తగిలితే అంటుకుంటుందని గదికి గడియ పెట్టాడు. ఇవన్నీ నేను చూశాను. వీటిని గుర్తుపెట్టుకోండి.

అతనితో పాటు ముసలివాళ్లూ బండి కట్టుకుని పోయారు. బావిలో మేం ముగ్గురం మిగిలాం. అరుగు మీద అత్త బొక్కెనకు తాడు కట్టి తోడుతోంది. అడుగున నేను, ఆయన. నీళ్లు ఆయన రొమ్ము దాకా వచ్చాయి. నేను వెనక కూర్చుని ఆయన తలను నా భుజానికి ఆనించుకున్నాను. ఆయన కళ్లు వాలిపోతున్నాయి. నిద్రపోతే తల జారుతుంది. జారితే అంతే. అందుకని నాకు చేతనైన పని మొదలుపెట్టాను. పోట్లాట.

"ఏమయ్యా, కండ్లు మూయద్దు."

"మూయలేదు. నిన్ను సూస్తాండా."

"ఈ సీకట్లో నన్నేం సూస్తావు?"

"సీకట్లోనే బాగుంటావు. నోరొకటి కనపడదు."

"మస్తాను ఆగమన్యాడు. ఆగినావా? మీ వంశంలో ఒకరి మాట ఒకరు ఇన్న్యారా ఎప్పుడన్నా?"

"గమ్మునుండు సరోజా... కాలు తెలీడంల్యా."

నేను గమ్మున ఉండలేదు. పెళ్లిలో వాళ్ల పెదనాన్న మా నాయనను అన్న మాట దగ్గర నుంచి అన్నీ ఎత్తాను. ఆయన ఒక్కోదానికి "ఊ" అనేవాడు. ఊ అన్నంతసేపు బతికున్నట్టు. కాసేపటికి "ఊ" కూడా దూరమైంది. నీళ్లు మెడకు వచ్చాయి.

"సరోజా... ఈ నీళ్లు చీనీ చెట్లకు సాలతాయా?"

నాకు ఏడుపు వచ్చింది. తిట్టాను. "సెట్లకు సాలతాయి. నీకే ఎక్కువైనాయి."

మా వైపు పిల్లలు ఆముదపాకు కాడతో నీళ్లు పీలుస్తారు, అది లోపల బోలుగా ఉంటుంది. అత్త పైనుంచి నాలుగు కాడలు విసిరింది. ఎందుకో చెప్పలేదు. నేనూ అడగలేదు. నీళ్లు ఆయన కింది పెదవికి తగిలినప్పుడు ఒక కాడ నోట్లో పెట్టాను. ఆయన గడ్డం పట్టుకుని పైకెత్తి ఉంచాను. నా చేతులు నావి కానట్టు అయ్యాయి.

పైన అరుగు గూట్లో పెట్టిన లాంతరు మంట రెండుసార్లు ఎగిరి ఆరిపోయింది.

బొక్కెన చప్పుడు కూడా ఆగిపోయింది.

"అత్తా!"

పలకలేదు.

"అత్తా!"

నా గొంతే బావి చుట్టూ తిరిగి నా దగ్గరకు వచ్చింది. ఆ చీకట్లో వినిపించేది ఒక్కటే, కాడలోంచి ఆయన ఊపిరి... సన్నగా... ఈలలా. నీళ్లు పెరిగితే కాడ పొట్టిదైపోతుంది. ఇంకెంతసేపు?

దేవుణ్ని పిలవలేదు నేను. ఆ పనికిమాలిన ఇనుమును పిలిచాను. తల పైకెత్తి అరిచాను. "రెండేండ్లు మాయత్త సేతి బొరుగులు తిన్న్యావు! ఇప్పుడు నీళ్లు తాగినావు! తిని, తాగి పండుకుంటావా? సిగ్గుల్యా? లెయ్!"

ఏమీ లేదు.

చాలాసేపు ఏమీ లేదు...

తర్వాత...

డబ్.

ఒక్కటే.

డబ్.

...

డబ్.

ఏ ఇంజనూ అంత నెమ్మదిగా కొట్టుకోదు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య అది ఆగిపోయిందేమో అనుకునేంత సందు. చెవికన్నా ముందు వీపుకు తెలిసేది, నేను ఆనుకున్న బండలోంచి. మస్తాను వచ్చేశాడు, పెట్టేశాడు అనుకున్నాను. పొగ వాసన రాలేదని అప్పుడు తట్టలేదు. పైన దీపం లేదనీ తట్టలేదు. మనిషి ప్రాణం పెదవి మీద ఉంటే బుర్ర అవన్నీ అడగదు.

నీళ్లు ఆయన పై పెదవిని వదిలాయి. కింది పెదవిని వదిలాయి. గడ్డం కింద తడి అంచు నా వేళ్లకు తెలుస్తోంది. మెడ. మెడ కింద గుంట. ఆయన కాడను ఉమ్మేశాడు.

"సరోజా..."

"ఊ."

"ఎవరు తాగుతాండారు?"

కలవరింత అనుకున్నాను. "మస్తాను ఇంజను పెట్టినాడయ్యా. ఇనపడ్డంల్యా?"

"ఇంజనా? యాడ?" నా భుజం మీద తల తిప్పి విన్నాడు. "ఇంజను ల్యా... నాలుకలు. ఇన్ని నాలుకలు... సప్ సప్ సప్ అంటాండాయి. నా మిందనుంచి పోతాండాయి. బరువు ల్యా... తడి."

ఆ మాట అంటుండగానే, ఆయన రొమ్ము మీద ఉన్న నా చేతి వెనక... ఏదో తగిలింది. చిన్నది. చల్లగా, తడిగా. తగిలి, దాటిపోయింది. ఇంకొకటి. ఇంకొకటి...

చూడలేదు. దీపం లేదు. ఉన్నా చూసేదాన్ని కాదు. కళ్లు మూసుకుని ఆయన తలను గట్టిగా పట్టుకున్నాను. డబ్... డబ్... డబ్...

పైన బావి గట్టు మీద ఒక్కసారి తెల్లటి వెలుగు.

"వదినా! బెల్టు దొరికినాది! వస్తాండాం!"

చప్పుడు ఆగిపోయింది.

బెల్టు దొరికిందట. ఇప్పుడు. మరి ఇంతసేపూ...?

పెట్రోమాక్స్ లైటు పట్టుకుని మస్తాను, వెనక ఆరేడుమంది దిగారు. నీళ్లు ఆయన నడుం దగ్గర ఉన్నాయి. గుండు అడుగు పట్టు దొరికేంత బయటపడింది. "అత్త భలే తోడినాది" అన్నాడు ఎవరో. గడ్డపారలు వేశారు. గుండు కదిలింది. ఆయన పెట్టిన కేక ఇప్పటికీ నా చెవిలో ఉంది, కానీ అది బతికున్న మనిషి కేక.

ఆయన్ను నులకమంచం మీద పైకి మోస్తుంటే మస్తాను అరుగు దగ్గర ఆగాడు. "ఇంజను ఎవరు పెట్టిరి?" అన్నాను. వెర్రిదాన్ని చూసినట్టు చూశాడు. గది గడియ పెట్టినట్టే ఉంది. తీశాడు. బెల్టు ముక్కలు నేల మీద, పడినచోటే ఉన్నాయి. క్రూడాయిల్ డబ్బా అత్త పక్కన నిండుగా ఉంది. పెద్ద చక్రం మీద చెయ్యి వేశాడు. నన్నూ వెయ్యమన్నాడు. మంచులా ఉంది.

సైలెన్సరు మీద కూడా చెయ్యి వెయ్యబోయి ఆగాడు. లోపల సన్నగా... కిచ్... కిచ్.

వంపు దగ్గర మర విప్పి లైటు పెట్టాడు. నా నీలం రవికె పీచు మధ్య తల్లి ఎలుక పడుకుని ఉంది. దాని పొట్టకు అంటుకుని పిల్లలు. గులాబి రంగు, కళ్లు తెరవనివి. కదులుతున్నాయి. పాలు తాగుతున్నాయి. ఇంజను పొగంతా పోవాల్సిన గొట్టం అది. ఒక్క నిమిషం ఇంజను నడిచినా అవి మాడి మసైపోవాలి. తల్లి ఒళ్లంతా తడి. మూతి నుంచి తోక దాకా... అప్పుడే నీళ్లలోంచి వచ్చినట్టు.

మస్తాను ఏదో దువా గొణుక్కుంటూ ఆ మరను మళ్లీ బిగించేశాడు.

ఇంజను గది ముందే అత్త గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "పిలిస్తే పలకవేమత్తా?" అని మీదపడ్డాను. "నువ్వు పిల్చింది ఇనపడ్ల్యా," అంది. "ఇంజనూ ఇనపడ్ల్యా. ఏ సప్పుడూ ల్యా. నా పాదాల మిందనుంచి ఏందో సల్లగా పోతానే ఉండ్య... పైకి. మెట్లెక్కి. కదల్తే తొక్కుతానేమోనని కదల్లే."

పైకి వచ్చాక తెల్లారుతోంది. కదిరి ఆసుపత్రికి బండి కడుతున్నారు. నేను తోట కాలవ వైపు చూశాను. రెండేళ్లుగా పగిలిన నేల. మేం కడవలు పారబోసింది బావికి అవతలి పక్క, ఇటు చుక్క పడలేదు. కాలవ తడిసి ఉంది. నీళ్లు పారిన తడి కాదు, పారితే మట్టి కొట్టుకుపోయి చార ఉంటుంది. ఎవరో తడి గుడ్డతో అద్దినట్టు, చీనీ చెట్ల మొదళ్ల దాకా. దాని నిండా సన్నటి అడుగులు. ఒకదాని మీద ఒకటి... మట్టి కనపడనంతగా.

ఇప్పుడు మీరు చెప్పేవి నాకు తెలుసు. మా పినతండ్రి కొడుకు కాలేజీలో లెక్చరర్. వచ్చి, కాలు మీద కాలేసుకుని విడమరిచాడు. తూటాకు ఇంకో పగులు కూడా పడి ఉంటుందట, నీళ్లు అందులోకి దిగిపోయి ఉంటాయట. డబ్ డబ్ అన్నది నా చెవుల్లో నా నెత్తురేనట. బాగుంది. ఒప్పుకుంటాను. ఆయన విన్నది? జ్వరమట. అత్త పాదాలు? తిమ్మిరట. కాలవ? మంచట! మా అనంతపురం ఎండాకాలంలో మంచు కురిసిందని చెప్పడానికి మనిషి ఎంత చదవాలో!

అలాగని మా అత్త మాటా నాకు మింగుడు పడలేదు. "ముందు తాపినాం. తాపినోళ్లకు పోసినాయి" అనేది. ఎలుకకు కృతజ్ఞత ఏమిటి? నా రవికె కొరికిన జంతువుకు! నాకు ఏది నమ్మాలో తెలీదు. ఆ రాత్రి ఆయన నా భుజం మీద బతికాడు. అంతవరకే తెలుసు.

జల నిలిచింది. చెట్లు సగం దక్కాయి. కొత్త ఇంజను బావికి అవతలి పక్క పెట్టించుకున్నాం. పాతదాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆ గదికి ఇప్పుడు గడియ లేదు.

అత్త పోయి మూడేళ్లు. నేను బొరుగులు పెట్టను. బెల్లం పెట్టను. నాకు దేవుడూ లేడు, ఇంజనూ దేవుడు కాదు. శుక్రవారం దీపాలు పెట్టే వేళకు మెట్లు దిగి వెళ్లి ఒక ముంతెడు నీళ్లు మాత్రం గడప లోపల పెట్టి వస్తాను. పొద్దున వెళ్తే ముంత అడుగు పొడిగా ఉంటుంది.

ఎండకు ఇగిరిపోయి ఉంటాయంటాడు మా లెక్చరర్. నేనూ అదే అంటాను.

కాకపోతే... నేను పెట్టేది పొద్దు గుంకాక. తీసేది పొద్దు పొడవక ముందు.